సుగ్గికి పోవాలా, పరీక్ష రాయాలా?

ఆలూరు: తెల్లవారుజామున నాలుగున్నర గంటలు. ఊరింకా లేవలేదు. ఆలూరుకు రెండు కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో, ఒక ఇంట్లో మాత్రం దీపం వెలిగింది. పొయ్యి మీద పెనం కాగుతున్నది. పీట మీద జొన్నపిండి ముద్ద. ఎదురుగా గోడకు ఆనించి నిలబెట్టిన పుస్తకం. రొట్టె తడుతున్న చేతి చప్పుడుకు లయ కలుపుతూ ఆ ఇల్లాలు 'య మా తా రా జ భా న స ల గం' అని గణాలు వల్లె వేస్తున్నది. రొట్టె గుండ్రంగా వచ్చింది. గణాలు కూడా తప్పకుండా వచ్చాయి.

ఆమె వయస్సు 27 ఏళ్లు. నాలుగేళ్ల కొడుకు, భర్త, అత్త ఉన్న కుటుంబం. మూడెకరాల నల్లరేగడి మెట్ట భూమి. వానదేవుడు కరుణిస్తే పత్తి, లేకుంటే అప్పు. అన్నీ అయిన తర్వాత మిగిలిన సమయంలో ఆమె దూరవిద్య ద్వారా ఎం.ఏ. తెలుగు చదువుతున్నది. ఇది రెండో సంవత్సరం. ఫిబ్రవరిలో పరీక్షలు. ఐదు పేపర్లు. పేరు రాయవద్దని ఆమె కోరింది. "పాసయినంక రాయండి" అని నవ్వింది.

ఆ ఇంట్లో ఈ సంక్రాంతికి ముందు నుంచీ నలుగుతున్న ప్రశ్న ఒక్కటే. పత్తి తీత అయిపోగానే ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరుతాయి. దీన్నే ఇక్కడ సుగ్గి అంటారు. ప్రతి ఏడూ భార్యాభర్తలిద్దరూ వెళ్లేవారు. ఈ ఏడు సుగ్గి, పరీక్షలు ఒకే నెలలో వచ్చి పడ్డాయి.

ఆమె పేరుతో వచ్చిన పార్శిలు

ఆమె డిగ్రీ పెళ్లికి ముందే పూర్తయింది. తండ్రి కూలి చేసి ఆదోనిలో చదివించాడు. పట్టా చేతికి వచ్చిన నెల్లోనే సంబంధం వచ్చింది. తర్వాత ఐదేళ్ల పాటు పట్టా ఇనుప పెట్టె అడుగున చీరల కింద ఉండిపోయింది.

చదువు మళ్లీ మొదలైంది పొదుపు సంఘం దగ్గర. సంఘంలో పది మంది ఆడవాళ్లు. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత అప్పు ఇచ్చారో రాసే పుస్తకం ఆమె చేతికి వచ్చింది. నెలనెలా లెక్క పైసలతో సహా సరిపోయేది. ఒకరోజు సంఘం పెద్దావిడ, "ఇంత బాగ రాస్తావే, మిగతా సదువు ఎందుకు ఇడిసిపెడ్తివి?" అని అడిగింది. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకున్నది. రెండు నెలల తర్వాత అదే సంఘంలో అప్పు తీసుకుని ఫీజు కట్టింది.

కొన్నాళ్లకు తపాలా మనిషి ఇంటి ముందు సైకిల్ మోటారు ఆపి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. పాఠ్యపుస్తకాల పార్శిలు. "పెళ్లయినంక నా పేరు మీద ఈ ఇంటికి వచ్చిన మొదటి వస్తువు అదే" అంటుంది ఆమె. ఆ పార్శిలు అట్టముక్కను ఇప్పటికీ పారవేయలేదు. పుస్తకానికి అట్ట వేసుకున్నది. చిరునామా పైకి కనిపించేటట్లు వేసుకున్నది.

ఈ ప్రాంతంలో ఆడపిల్ల డిగ్రీ దాటడం ఎంత అరుదో లెక్కలు చెబుతాయి. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం. స్త్రీలలో సుమారు 50 శాతం మాత్రమే. అంటే ఇద్దరు ఆడవాళ్లలో ఒకరికి సంతకం కూడా వేలిముద్రే. ఆ ఇంట్లో కూడా లెక్క అంతే. కోడలు ఎం.ఏ., అత్త వేలిముద్ర.

చేలో మనుచరిత్ర

పొద్దున ఆరు గంటలకు పుస్తకం మూతపడుతుంది. నీళ్లు, పేడ, పిల్లవాడి స్నానం, సద్ది కట్టడం. ఎనిమిదికల్లా చేలో ఉండాలి. పత్తి తీసేటప్పుడు రెండు చేతులకూ పని. పుస్తకం పట్టుకునే వీలు లేదు. అందుకు ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. రాత్రి పూట పాఠాన్ని తానే గట్టిగా చదివి సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకుంటుంది. పగలు ఫోన్‌ను ఒడిలో పెట్టుకుని వింటూ పత్తి తీస్తుంది.

మొదట్లో పక్క సాలులోని ఆడవాళ్లు నవ్వారు. "నీ మాటలు నువ్వే ఇంటాండావా!" అని ఎగతాళి చేశారు. నాలుగు రోజుల తర్వాత వాళ్లే దగ్గరికి జరిగారు. అప్పుడు నడుస్తున్న పాఠం మనుచరిత్ర. ప్రవరుడు అనే బ్రాహ్మడికి ఒక సిద్ధుడు కాళ్లకు పసరు పూయడం, ఆ పసరు మహిమతో ఆయన క్షణంలో హిమాలయాలకు పోవడం, అక్కడ మంచుకు పసరు కరిగిపోయి తిరిగి రాలేక చిక్కుకోవడం, అంతలో వరూధిని ఎదురు కావడం. కథ ఇక్కడికి వచ్చేసరికి అందరి చేతులూ ఆగాయి. చేను యజమాని కేకేసే వరకూ ఎవరికీ పని గుర్తు లేదు.

"ఆ పసరు మనకు దొరికితే పొద్దున గుంటూరుకు పోయి మిరప్పండ్లు తెంపి, మాపటికి ఇంటికొచ్చి రొట్టె చేసుకుందుము" అన్నది ఒక పెద్దామె. చేనంతా ఒకటే నవ్వు. ఆ మాటను ఆమె నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నది. పరీక్షలో రాయడానికి కాదు, మరిచిపోకుండా ఉండడానికి.

ఇంకో విషయం కూడా ఆ ఆడవాళ్లకు ఆమె చెప్పింది. ఈ కావ్యం రాసిన అల్లసాని పెద్దనకు శ్రీకృష్ణదేవరాయలు అగ్రహారంగా ఇచ్చిన కోకటం కడప జిల్లాలోనిదే. "అయితే మన సీమాయనే రాసినాడా?" అని వాళ్లు ఆశ్చర్యపోయారు. అప్పటి నుంచి ఆ కథ మీద వాళ్లకు హక్కు వచ్చినట్లయింది. ఒకరోజు ఆమె పనికి రాకపోతే మరునాడు, "నిన్న యాడికి పోయినావు? ఆ యమ్మ ఏమాయె?" అని నిలదీశారు. ఆ యమ్మ అంటే వరూధిని.

సున్నా టికెట్టు, ఉగ్గాని

ఆదివారం ఆమెకు వేరే వారం. ఆదోనిలో తరగతులు ఉంటాయి. ఆరు గంటలకే ఇంటి పని ముగించి, ఆలూరు బస్టాండు దాకా నడిచి, ఆదోని పల్లెవెలుగు ఎక్కుతుంది. ప్రయాణం సుమారు గంట. కిటికీ పక్క సీటు దొరికితే ఆ రోజు పండుగే. "ఆ గంట సేపు నన్ను ఎవురూ ఏమీ అడగరు. బిడ్డ ఏడవడు, పాలు పొంగవు" అంటుంది. పుస్తకం తెరిచి పెట్టుకున్నా ఒక్కోసారి చదవదు. ఊరికే బయటికి చూస్తుంది. తెల్లగా విచ్చిన పత్తి చేలు, కోసిన కంది కట్టెలు, గొర్రెల మందలు వెనక్కి పోతుంటాయి. తన చేను కానప్పుడు పత్తి ఇంత అందంగా ఉంటుందని ఆమెకు బస్సులోనే తెలిసిందట.

మొదటి ఏడు బస్సు ఛార్జీల కోసం ఆమె గుడ్లు అమ్మింది. రెండు నాటు కోళ్లు పెంచి, ఆ గుడ్ల డబ్బు ఆదివారాలకు దాచేది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం ప్రారంభమైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపితే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. ఆ టికెట్లను ఆమె పారవేయలేదు. చదువుతున్న పేజీ గుర్తుకు పెట్టుకుంటున్నది. ఏ పుస్తకం తెరిచినా ఒక సున్నా టికెట్టు జారి పడుతుంది. ఎన్ని తరగతులకు పోయిందో చెప్పడానికి ఆమెకు వేరే హాజరు పట్టీ అక్కరలేదు.

గుడ్ల డబ్బు మిగిలింది కదా, దాన్నేం చేస్తున్నారు అంటే ఆమె కాస్త సిగ్గుపడింది. సగం జిరాక్సులకు. మిగతా సగం ఉగ్గానికి.

తరగతులు మొదలు కావడానికి ముందు ముగ్గురు స్నేహితురాళ్లు ఒకచోట చేరుతారు. ఒకామె కోసిగి వైపు నుంచి, మరొకామె ఎమ్మిగనూరు నుంచి వస్తారు. ముగ్గురూ పెళ్లయినవారే. ఎమ్మిగనూరు ఆమెది మగ్గాల ఇల్లు. నెలకు ఒకసారి ముగ్గురూ హోటల్లో కూర్చుంటారు. నానిన బొరుగులకు ఉల్లిగడ్డ, పచ్చిమిరప తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లిన వేడి ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు. ఈ సీమలో ఇది అందరి ఇళ్లలో చేసేదే. అయినా హోటల్లో తింటే రుచి వేరు. "ఇంట్లో మనం చేసి అందరికీ పెట్టి, చల్లారినంక తింటాం. ఈడ మనకు ఎవురో వేడిగ తెచ్చి పెడ్తారు. అదీ సుఖం" అని కోసిగి ఆమె వివరించింది. దీనికి మిగతా ఇద్దరూ తల ఊపారు.

మిగతా ఆదివారాల్లో మధ్యాహ్నం మూడు డబ్బాలూ ఒకేసారి తెరుచుకుంటాయి. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, పుంటికూర పప్పు. ఒకరి ఇంటి కష్టం ఇంకొకరికి తెలుస్తుంది. పోయిన ఏడాది కోసిగి ఆమె బిడ్డకు జ్వరం వచ్చి నాలుగు వారాలు రాలేదు. మిగతా ఇద్దరూ నోట్సు రాసి పంపారు. ఆ ఒక్క పేపరులో ఆమెకే అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నోట్సు రాసిన ఇద్దరికీ ఇది ఇప్పటికీ చిన్న ఫిర్యాదు.

అత్త చెప్పిన పాఠం

ఈ చదువులో ఆమెకు దొరికిన గురువుల్లో ఒకరు ఇంట్లోనే ఉన్నారు. భాషాశాస్త్రం పేపరులో ఆదాన పదాలు అనే పాఠం ఉన్నది. ఒక భాషలోకి ఇంకో భాష నుంచి వచ్చి చేరిన మాటలను అట్లా అంటారు. ఆ పాఠం చదువుతుండగా ఆమెకు తట్టింది, తమ ఇంట్లో రోజూ వినిపించే సుగ్గి అనే మాట సంగతేమిటని. ఆలూరు ప్రాంతం కర్ణాటక సరిహద్దు. బళ్లారి దూరం కాదు. ఇక్కడ చాలామంది నోట కన్నడం కూడా పలుకుతుంది. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికి చేరే సంబరం. సరిహద్దు ఇవతల అదే మాటకు అర్థం మారింది. సొంత చేలో పంట కోసుకోవడం కాదు, ఊరు విడిచి పరాయి చేలో పంట కోయడానికి పోవడం.

"ఒకే మాట. ఆ పక్క పంట ఇంటికొస్తాది. ఈ పక్క మనిషి ఇల్లు ఇడిసి పోతాడు" అని ఆమె అసైన్‌మెంటులో రాసింది. దిద్దిన అధ్యాపకుడు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన 'బాగుంది' అని రాశాడు. ఆ కాగితాన్ని ఆమె భర్తకు చూపింది. ఆయన రెండుసార్లు చదివి, మడిచి ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా ఎద్దుల దగ్గరికి పోయాడు.

అప్పటి నుంచి రాత్రి పూట చెనిక్కాయలు ఒలిచేటప్పుడు ఆమె అత్తను మాటలు అడగడం మొదలుపెట్టింది. గుంటక, గొర్రు, జడ్డిగం, మేడి, నొగ, కాడి. ఒక్కొక్క దానికి అత్త చేతులతో ఆకారం చూపి చెబుతుంది. ట్రాక్టర్లు వచ్చిన తర్వాత వీటిలో కొన్ని చేలల్లో కనిపించడం తగ్గింది. చావడి పక్క పూడిపోయిన జొన్న పాతర గురించి కూడా చెప్పింది. వెనుకటి రోజుల్లో జొన్నలను భూమిలో గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, నింపి, పైన మట్టి కప్పి దాచేవారు. తీసేటప్పుడు మూత తెరిచి చాలాసేపు అట్లే వదిలేవారు. తర్వాత తాడుకు దీపం కట్టి లోపలికి దించేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. లోపల ఊపిరాడదని అర్థం.

"ఇదంతా నువ్వు పుట్టకముందు మాట. దీనికి గూడ మార్కులేస్తారా?" అని అత్త అడిగింది. వేస్తారని కోడలు చెప్పింది. ఇటువంటి వ్యవసాయపు మాటలను జిల్లాల వారీగా సేకరించి, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లోనే పదకోశంగా అచ్చు వేశారని చదివి వినిపించింది. కడప జిల్లాకు చెందిన కథారచయిత కేతు విశ్వనాథరెడ్డి ఆ జిల్లా ఊళ్ల పేర్ల మీదనే పరిశోధన చేసి డాక్టరేటు పొందారని కూడా చెప్పింది. ఆయన కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అత్తకు ఈ పేర్లేవీ తెలియవు. కానీ ఊళ్ల పేర్లకు పెద్ద చదువు ఉన్నదంటే తనకు తెలిసిన మాటలకు కూడా విలువ ఉన్నట్లేనని ఆమెకు అర్థమైంది. మరునాటి నుంచి అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కోసారి అర్ధరాత్రి లేపి, "ఇంగొకటి యాదికొచ్చె, రాసుకో పాపా" అంటున్నదట.

పిల్లవాడు కూడా వెనుకబడలేదు. ఉత్పలమాలకు గణాలు 'భ ర న భ భ ర వ' అని అంగన్‌వాడీలో పాటలా పాడి వినిపించాడు. ఇది ఏ భాష అని అక్కడి టీచరమ్మ ఇంటికి కబురు పంపింది.

బీరువా తలుపు లోపల ఫోటో

ఆ ఇంట్లో ఒక పాత ఇనుప బీరువా ఉన్నది. తలుపు తెరిస్తే లోపలి వైపు పత్రిక నుంచి కత్తిరించిన ఒక ఫోటో అంటించి ఉంటుంది. దేవుడి పటం కాదు. అనంతపురం జిల్లా శింగనమల మండలం నాగులగుడ్డం గ్రామానికి చెందిన సాకే భారతి ఫోటో.

ఆమె కథ సీమలో చాలామందికి తెలిసిందే. ఇంటర్మీడియట్ కాగానే మేనమామతో పెళ్లయింది. వ్యవసాయ కూలి పనులకు పోతూనే, భర్త ప్రోత్సాహంతో డిగ్రీ, పీజీ పూర్తి చేసింది. ఇంటి పని, కూతురి పెంపకం వదలకుండా రసాయన శాస్త్రంలో పరిశోధన చేసింది. 2023 జూలైలో అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో డాక్టరేటు పట్టా అందుకున్నది. ఆ రోజు మామూలు చీరతో, కాళ్లకు హవాయి చెప్పులతో వేదిక ఎక్కిన ఆమెను చూసి అక్కడున్నవారు ఆశ్చర్యపోయారు.

"ఆ యమ్మ డాక్టరేటు కంటే నాకు ఆ చెప్పులు చూసి ధైర్యం వచ్చింది" అంటుంది ఆలూరు ఇల్లాలు. కొత్త చెప్పులు కొనే వరకు ఆగి ఉంటే చదువు కూడా ఆగేదని ఆమె భావం.

పని మానకుండా చదివే వీలు కూడా ఒక్క రోజులో రాలేదు. చదువు మధ్యలో ఆగినవారి కోసం హైదరాబాదు కేంద్రంగా 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. జాతీయ స్థాయిలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది ఆ తర్వాతే, 1985లో. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మెట్లు ఎక్కనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేందుకు అది దారి తెరిచింది. చేలు, దుకాణాలు, వంటిళ్ల నుంచి ఎందరో ఆ దారిన వచ్చారు. ఇతర విశ్వవిద్యాలయాలు కూడా దూరవిద్యా కేంద్రాలు నడిపాయి. ఆలూరు ఇల్లాలి చదువు కూడా ఆ కోవలోదే.

ఒక కూలి తక్కువ

అయితే పుస్తకాలు ఇంటికి వచ్చినంత సులభంగా పరీక్షలు ఇంటికి రావు. ఫిబ్రవరిలో ఆదోనిలో కూర్చుని రాయాలి. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఇంటి లెక్క కూడా కాదనలేనిదే. విత్తనాలకు, మందులకు తెచ్చిన అప్పు ఉగాదిలోగా కట్టాలి. ఈ ఏడు పత్తి మొదటి తీత బాగానే ఉన్నది. రెండో తీతకు వాన తగిలి దూది రంగు మారింది. ఆదోని మార్కెట్‌లో అనుకున్న ధర రాలేదు. పోయిన ఏడు ఇద్దరి సుగ్గి కూలితోనే అప్పు తీరింది. ఈ ఏడు ఒక్కరే పోతే ఒక కూలి తక్కువ. మిరప కోతలో మనిషి ఒకరు తగ్గితే ఆ లోటు ఇంకొకరు తీర్చలేరు.

సంక్రాంతి నాటి రాత్రి ముగ్గురూ కూర్చున్నారు. భర్త పరీక్ష వద్దనలేదు. "అప్పు ఎట్ల కడ్తాం, అది చెప్పు" అన్నాడు. ఆయన పదో తరగతి దగ్గర ఆగిపోయినవాడు. తన తమ్ముళ్ల కోసం సుగ్గికి పోయే బడి మానేశాడు. అందువల్ల ఆ ప్రశ్నలో కోపం లేదు, ఉత్తి లెక్కే ఉన్నది. ఆమె జవాబు చెప్పలేకపోయింది. "వచ్చే ఏడు రాస్తాలే" అని పుస్తకాలు సర్దడానికి లేచింది.

అప్పటి వరకు చెనిక్కాయలు ఒలుస్తున్న అత్త చేట కింద పెట్టింది. తన కమ్మలు తీసి కొడుకు ముందు పెట్టింది. "ఇవి బ్యాంకులో పెట్టు. సుగ్గి అయినంక ఇడిపిద్దాం. నేను నలభై ఏండ్లు సుగ్గికి పోతి. వచ్చినంక ఇంట్లో ఏం మిగిలిందో నీకూ తెల్సు, నాకూ తెల్సు. పాప పేపర్లు రాయనీ" అన్నది. కొడుకు కమ్మల వైపు చూశాడు, తల్లి బోసి చెవుల వైపు చూశాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చివరకు ముగ్గురికీ నచ్చిన దారి కోడలే చెప్పింది. భర్త ఊరివాళ్లతో కలిసి ముందు పోతాడు. ఆమె ఐదు పేపర్లు రాస్తుంది. పేపరుకు పేపరుకు మధ్య వచ్చే సెలవు రోజుల్లో ఆలూరులో కూలికి పోతుంది. చివరి పేపరు రాసిన మరునాడు గుంతకల్లుకు పోయి గుంటూరు రైలు ఎక్కుతుంది. మిరప కోతలు అప్పటికి ఇంకా సగం మిగిలే ఉంటాయి. పిల్లవాడు నాయనమ్మ దగ్గర ఉంటాడు. కమ్మలు బ్యాంకుకు పోయాయి. అయితే ఇద్దరి మిగిలిన కూలితో విడిపించగలమనే నమ్మకం ఉన్నది.

ఊళ్లో మాటలు రాకపోలేదు. మొగుడిని సుగ్గికి పంపి తాను కుర్చీలో కూర్చుని పరీక్ష రాస్తుందట అని ఒకరు అన్నారు. ఎం.ఏ. చేసి మిరప్పండ్లు తెంపడానికి పోతుందట, ఆ మాత్రానికి చదువెందుకు అని ఇంకొకరు అన్నారు. రెండు మాటలూ ఆమె చెవిన పడ్డాయి. "ఇద్దరూ సగం సగం నిజమే చెప్పినారు" అని నవ్వి ఊరుకున్నది. చదువు పూర్తయితే బి.ఇడి. చేసి టీచరు కావాలని ఆమె కోరిక. అది ఎప్పటికి తీరుతుందో ఆమెకు తెలియదు. అంతవరకు చేలో ఆడవాళ్లకు మనుచరిత్ర తర్వాత ఏ కథ వినిపించాలా అని ఆలోచిస్తున్నది. కడప జిల్లా గోపవరానికి చెందిన మొల్ల రాసిన రామాయణం అయితే బాగుంటుందని అనుకుంటున్నది. ఒక ఆడమనిషి రాసిందంటే వాళ్లు ఇంకా దగ్గరికి జరుగుతారని ఆమె అంచనా.

ఒకే పుస్తకంలో రెండు టికెట్లు

భర్త బయలుదేరిన రోజు పల్లె చావడి ముందు ఎప్పటి మాదిరిగానే గందరగోళం. బియ్యం మూటలు, జొన్నపిండి సంచులు, గిన్నెలు, టార్పాలిను పట్టలు, చంకన పిల్లలు. మిరప చేల పక్కన వేసుకునే గుడారాల్లో రెండు నెలల కాపురానికి కావలసినవన్నీ బండి ఎక్కుతున్నాయి. ఆమె భర్తకు రొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టి ఇచ్చింది. ఆయన బండి ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "ఆ ఫోన్‌లో చదివినవి నాకు గూడ పంపు. ఆడ రాత్రిపూట పొద్దుపోదు" అన్నాడు. ఆ పాఠాలు ఆయన వింటాడని ఆమె అంతవరకు అనుకోలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఆలూరుకు నడిచి పోయింది. జిరాక్సు అంగడిలో హాలు టికెట్టు కాగితం మీద తీయించుకున్నది. ఫోటో కింద తన పేరు, దాని పక్కన ఎం.ఏ. తెలుగు అని ఉన్నాయి. అంగడి అతను ఇంకేమైనా కావాలా అని అడిగితే, గుంతకల్లు నుంచి గుంటూరుకు రైలు టికెట్టు కూడా తీయమన్నది. ఐదో పేపరు మరునాటి తేదీకి.

ఇంటికి వచ్చి హాలు టికెట్టును, రైలు టికెట్టును ఒకే పుస్తకంలో, సున్నా టికెట్ల నడుమ పెట్టింది. మరునాటి తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ ఇంట్లో మళ్లీ దీపం వెలిగింది. ఈసారి రొట్టె తడుతున్నది అత్త. కోడలు పుస్తకం ముందు కూర్చున్నది.